నల్లజాతి పిల్లల జీసీఎస్‌ఈ ఫలితాలు: హైస్కూలు స్థాయిలో నిజంగా పనిచేసేదేంటి?

లెక్కలమ్మ · 2026 జనవరి 10

అందరికీ నమస్కారం. దక్షిణ లండన్‌లో ఒక కాంప్రహెన్సివ్ స్కూల్లో (ప్రవేశ పరీక్ష లేకుండా అందర్నీ చేర్చుకునే ప్రభుత్వ హైస్కూలు) లెక్కలు చెప్తాను. సెప్టెంబరు నుంచి డిపార్ట్‌మెంటు బాధ్యత కూడా నా నెత్తినే పడింది. నల్లజాతి పిల్లల ఫలితాలు పెంచడానికి మా డిపార్ట్‌మెంటు ఏం చేస్తుందో ఒక్క పేజీలో రాసి, ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవుల లోపు ఇమ్మన్నారు మా హెడ్.

‘నల్లజాతి పిల్లలు వెనకబడ్డారు’ అని గంపగుత్తగా అంటే మొదట్లోనే లెక్క తప్పుతుంది. ఇంగ్లండ్ సగటు చూస్తే, ఆఫ్రికన్ కుటుంబాల పిల్లల జీసీఎస్‌ఈ (16 ఏళ్లకి రాసే పబ్లిక్ పరీక్షలు) మార్కులు ఈ మధ్య తెల్ల బ్రిటిష్ పిల్లల కన్నా కాస్త పైనే ఉన్నాయి. కరీబియన్ కుటుంబాల పిల్లలు, అమ్మానాన్నల్లో ఒకరు కరీబియన్, ఒకరు తెల్లవారు అయిన పిల్లలు మాత్రం బాగా కింద ఉన్నారు. మా క్లాసుల్లో నైజీరియా, ఘనా, సోమాలియా, జమైకా మూలాల పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. రిపోర్టులో మాత్రం అందరికీ కలిపి ఒకటే గడి.

పోస్టర్లు, అక్టోబరులో బ్లాక్ హిస్టరీ మంత్ అసెంబ్లీ, ఇవన్నీ మా దగ్గర జరుగుతూనే ఉన్నాయి. వాటి సంగతి వదిలేయండి. మీ స్కూళ్ళలో మార్కుల్ని కదిలించిన పని ఏదైనా ఉంటే చెప్పండి.

బ్రమ్మీబాబు · జనవరి 10

బర్మింగ్‌హామ్ నుంచి, చరిత్ర టీచర్ని. 50 ఏళ్లుగా ఈ దేశంలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్న పేజీ ఇప్పుడు మీ వంతుకి వచ్చింది మేడమ్!

1971లో బెర్నార్డ్ కోర్డ్ అనే గ్రెనడా టీచరు ఒక చిన్న పుస్తకం రాశారు. వెస్టిండీస్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్ని ‘బుద్ధిమాంద్యం’ ముద్ర వేసి ప్రత్యేక బడుల్లోకి తోసేస్తున్న తీరును అందులో బయటపెట్టారు. ఆ తర్వాత ఈ పిల్లల చదువు మీద ప్రభుత్వం వేసిన కమిటీల నివేదికలు వచ్చాయి, 1981లో రాంప్టన్ కమిటీది, 1985లో స్వాన్ కమిటీది. భాష మారింది గానీ, ఈ పిల్లల మీద టీచర్లు పెట్టుకున్న నమ్మకమే తక్కువన్న మాట మాత్రం అన్నింట్లోనూ ఉంది.

2003లో ప్రభుత్వం 30 హైస్కూళ్ళను ఎంచుకుని, ఆఫ్రికన్ కరీబియన్ పిల్లల కోసమే ఒక ప్రాజెక్టు నడిపింది. హెడ్ స్వయంగా పట్టించుకున్న చోట, మార్కుల్ని జాతుల వారీగా విడగొట్టి చూసిన చోట కదలిక వచ్చింది. ‘మేం పిల్లల రంగు చూడం, మాకందరూ సమానమే’ అన్న చోట ఎక్కడి గొంగళి అక్కడే. ఇక మైనారిటీ జాతుల పిల్లల చదువు కోసం 1999లో పెట్టిన గ్రాంటును 2011లో స్కూళ్ళ మామూలు బడ్జెట్‌లో కలిపేశారు. కలిపాక ఆ డబ్బు ఎటు పోయిందని అడిగే నాథుడు లేడు.

సత్తెనపల్లి మాస్టారు · జనవరి 11

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన వాడిని. ప్రస్తుతం మా అమ్మాయి దగ్గర రెడింగ్‌లో ఉన్నాను. కమిటీలు ఎన్ని వేసినా చదువు మొదలయ్యేది ఇంట్లోనే. తల్లిదండ్రులు పుస్తకం ముట్టుకోమని చెప్పకపోతే టీచరు ఏం చేయగలడు? మన పిల్లలు ఇక్కడ బాగా చదువుతున్నారంటే కారణం మన ఇళ్ళలో ఉన్న క్రమశిక్షణే. నిష్ఠూరంగా ఉన్నా ఇది నిజం.

క్రోయ్‌డన్ అమ్మ · జనవరి 11

మాస్టారూ, పెద్దవారు, ఏమీ అనుకోకండి. మా పక్కింట్లో జమైకా నుంచి వచ్చిన పెద్దావిడ ఉన్నారు. శనివారం పొద్దున్న మనవణ్ణి చర్చి హాల్లో నడిచే శనివారం బడికి తీసుకెళ్తారు. లెక్కలు, ఇంగ్లీషు, కొంచెం ఆఫ్రికా చరిత్ర. చెప్పేవాళ్ళలో సగం మంది రిటైరైన నర్సులు, బస్సు డ్రైవర్లు. ఆవిడ తన పిల్లల్నీ ఇలాంటి బడికే పంపారట.

ఈ శనివారం బడులు 1960ల చివర్లోనే మొదలయ్యాయి. జాన్ లా రోజ్ లాంటివాళ్ళు ఇళ్ళల్లో పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పారు. బడిలో సరిగ్గా చెప్పట్లేదని తెలిసి సొంతంగా ఇంకో బడి పెట్టుకున్న వాళ్ళని పట్టుకుని, చదువంటే పట్టదని ఎలా అంటాం? మనం ట్యూషన్‌కి పంపితే శ్రద్ధ, వాళ్ళు శనివారం బడికి పంపితే లెక్కలోకే రాదు!

ఇంకొకటి. మన వాళ్ళు చాలామంది ఇక్కడికి డిగ్రీ చేతిలో పెట్టుకుని, ఉద్యోగం వీసా మీద దిగారు. 1948 తర్వాత వచ్చిన కరీబియన్ కుటుంబాలకి దొరికినవి బస్సు డిపోలు, ఆస్పత్రి వార్డులు. ఇద్దర్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరుగు పెట్టమనడం ఏం న్యాయమండీ?

నిజాంపేట్ కుర్రాడు · జనవరి 11

పీజీసీఈ (టీచర్ ట్రైనింగ్) చేస్తున్నాను, లీడ్స్. చిన్న డౌటు. అందరూ టీచర్ల నమ్మకం అంటున్నారు. అది మార్కుల్లోకి ఎలా దిగుతుంది? పరీక్ష పేపరు దిద్దేవాళ్ళకి పిల్లాడి రంగు తెలియదు కదా?

లెక్కలమ్మ · జనవరి 11

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. పేపరు దిద్దే చోట కాదు, అంతకు ముందే దిగుతుంది.

జీసీఎస్‌ఈ లెక్కల్లో ఫౌండేషన్, హయ్యర్ అని రెండు టియర్లు, అంటే రెండు స్థాయిల పేపర్లు. ఫౌండేషన్ రాస్తే ఎంత బాగా రాసినా గ్రేడ్ 5 దాటదు. 9 దాకా వెళ్ళే దారి హయ్యర్‌లోనే. ఎవరు ఏది రాయాలో తేల్చేది మేం. దానికి ముందు ఇయర్ 7 (హైస్కూలు మొదటి ఏడాది) నుంచీ సెట్లు, అంటే స్థాయిని బట్టి విడగొట్టిన క్లాసులు ఉంటాయి. కింది సెట్‌లో పడ్డవాడికి హయ్యర్ సిలబస్సే చెప్పం, చెప్పనిది రాయలేడు, రాయలేడు కాబట్టి ఫౌండేషనే. చూశావా, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనకుండానే పని జరిగిపోతుంది.

స్టీవ్ స్ట్రాండ్ అనే ప్రొఫెసర్ 14 ఏళ్ల పిల్లలు అప్పట్లో రాసిన లెక్కల పరీక్ష ఎంట్రీలు పరిశీలించారు. పాత మార్కులు, ఇంటి పరిస్థితి, హాజరు అన్నీ సమానం చేసి చూసినా, పై టియర్లకి ముగ్గురు తెల్ల బ్రిటిష్ పిల్లల్ని పంపిన చోట ఇద్దరు కరీబియన్ పిల్లల్నే పంపారు. సెట్ల మీద 2019లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఇయర్ 6 (ప్రైమరీ చివరి ఏడాది) మార్కుల ప్రకారం ఉండాల్సిన సెట్ కన్నా కింది సెట్‌లో పడే ప్రమాదం తెల్ల పిల్లల కన్నా నల్లజాతి పిల్లలకి రెండింతలకు పైగా ఉందని అందులో తేలింది.

మాస్టారికి ఇంకొకటి చెప్పాలి. ఇయర్ 6లో టీచర్లు సొంతంగా వేసే అంచనాని, బయట దిద్దిన పరీక్ష మార్కుతో పోల్చి చూశారు బ్రిస్టల్ పరిశోధకులు. నల్లజాతి పిల్లలకి టీచరు అంచనా పరీక్ష మార్కు కన్నా తక్కువ వైపు మొగ్గింది. భారతీయ, చైనీస్ పిల్లలకి ఎక్కువ వైపు. అంటే మన ఇళ్ళ క్రమశిక్షణ ఎంత గొప్పదైనా, దాని పైన టీచర్లు మనకి కొంచెం కొసరు కూడా వేస్తున్నారన్నమాట.

సత్తెనపల్లి మాస్టారు · జనవరి 12

అమ్మా, కొసరు మాట బాగుంది. ఆలోచించాల్సిన విషయమే. అయినా ఇంటి పాత్ర లేదంటే నేను ఒప్పుకోను.

లెక్కలమ్మ · జనవరి 12

ఇంటి పాత్ర లేదని నేనూ అనడం లేదు మాస్టారూ. ఇల్లు నా చేతిలో లేదు, సెట్ లిస్టు నా చేతిలో ఉంది. హెడ్ నన్నడిగింది నా చేతిలో ఉన్న దాని గురించే.

మోరిస్‌విల్ వాసు · జనవరి 12

నార్త్ కరోలినా నుంచి. మా దగ్గర సరిగ్గా ఈ గొడవకే 2018లో చట్టం చేశారు. రాష్ట్ర లెక్కల పరీక్షలో పై లెవెల్ వచ్చిన పిల్లవాణ్ణి తర్వాతి ఏడాది అడ్వాన్స్‌డ్ లెక్కల్లో వేయాల్సిందే. టీచరు సిఫార్సు అక్కర్లేదు, తల్లిదండ్రులు వెళ్ళి అడగక్కర్లేదు. వద్దనుకుంటే తల్లిదండ్రులే వద్దని చెప్పాలి.

ఫ్లోరిడాలో ఒక పెద్ద జిల్లాలో ఇంకా ముందే చేశారు. అంతకు ముందు ‘గిఫ్టెడ్’ క్లాసుకి టీచరో, తల్లిదండ్రులో పేరు చెప్తేనే పరీక్ష పెట్టేవాళ్ళు. 2005 ప్రాంతంలో రెండో తరగతి పిల్లలందరికీ పెట్టడం మొదలెట్టారు. నల్లజాతి, హిస్పానిక్, పేద పిల్లలు అందులోకి రావడం ఒక్కసారిగా పెరిగింది. పిల్లలు వాళ్ళే, కొత్తగా ఎవరికీ తెలివి పుట్టుకురాలేదు. తర్వాత బడ్జెట్ లేదని ఆపేశారు, కథ మొదటికొచ్చింది.

మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మార్పుల మీద ఎంత రచ్చ జరిగిందో చెప్పలేను. ‘స్టాండర్డ్ పడిపోతుంది’ అనే మాట తప్ప ఇంకో మాట వినపడలేదు.

టాప్ సెట్ నాన్న · జనవరి 12

రచ్చ ఎందుకు జరగదు? మా వాడు ఇయర్ 9లో సెట్ 1. ఇప్పటికే 32 మంది. ఇంకా పదిమందిని తెచ్చి కూర్చోబెడితే టీచరు ఎవరి కోసం చెప్పాలి? వెనకబడ్డ వాళ్ళకి సాయం చెయ్యండి, ఎవరూ కాదనరు. మా పిల్లల్ని పణంగా పెట్టి మాత్రం వద్దు. ఇదే మాట పేరెంట్స్ ఈవెనింగ్‌లో అంటే నన్నో రాక్షసుణ్ణి చూసినట్టు చూశారు.

క్రోయ్‌డన్ అమ్మ · జనవరి 12

వెనకబడ్డ వాళ్ళని తెమ్మని ఇక్కడ ఎవరూ అనలేదు బాబూ. మీవాడితో సమానంగా మార్కులు తెచ్చుకుని కింద కూర్చున్న వాళ్ళ గురించి మాట్లాడుతున్నాం.

మోడరేటర్ · జనవరి 12

రెండు పోస్టులు తీసేశాను. ఒక జాతి పిల్లల ‘స్వభావం’ గురించి సొంత సిద్ధాంతాలు రాసేవాళ్ళకి ఇక్కడ చోటు లేదు. మిగతా చర్చ బాగుంది, కానివ్వండి.

లెక్కలమ్మ · జనవరి 13

టాప్ సెట్ నాన్న గారూ, మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. మాటల్లో కాకుండా నిరుడు జులైలో మా దగ్గర జరిగింది చెప్తాను.

ఇయర్ 8 పిల్లల్ని సెప్టెంబరుకి సెట్లుగా విడగొట్టే మీటింగ్. మామూలుగా పాత సెట్ లిస్టు తెరిచి ‘ఈ అబ్బాయి కిందికి, ఈ అమ్మాయి పైకి’ అనుకుంటూ పోతాం. ఈసారి పాత సెట్ గడిని దాచేసి, ఇయర్ 6 స్కోరు, ఏడాది చివరి పరీక్ష మార్కు, ఈ రెండే పెట్టి వరసగా పేర్చాను. ఇయర్ 6 స్కోరు 80 నుంచి 120 దాకా ఉంటుంది, 100 వస్తే ఆ వయసుకి సరిపడా వచ్చినట్టు. పేర్చాక దాచిన గడి తెరిచాం. 110 వచ్చిన ఒక అబ్బాయి సెట్ 4లో ఉన్నాడు. వాడి కన్నా తక్కువ స్కోరు వచ్చిన పిల్లలు సెట్ 2లో హాయిగా కూర్చున్నారు. వాడి పేరు పక్కన రిమార్కు చూస్తే ‘హోంవర్క్ సరిగా ఇవ్వడు, మాటకి మాట చెప్తాడు’. పరీక్షలో ఏం తప్పాడో ఒక్క ముక్క లేదు. ‘సెట్ 2లో వేస్తే క్లాసు చెడగొడతాడు’ అన్నారు ఒకాయన. మంచి టీచరే, చెడ్డ మనిషేం కాదు. సెట్ 2లోనే వేరే పిల్లవాడు, తెల్ల కుర్రాడు, అంతకన్నా ఎక్కువ మాటలు చెప్తాడు. వాడి పక్కన మాత్రం ‘చురుకైనవాడు, అల్లరి తగ్గించాలి’ అని రాసి ఉంది.

సెప్టెంబరులో ఆ అబ్బాయిని సెట్ 2లో వేశాం. మొదటి ఆరు వారాలు బాగా కష్టపడ్డాడు, ఎందుకంటే సెట్ 4లో సమీకరణాలు సగమే చెప్పాం. ఇప్పుడు మధ్యలో ఉన్నాడు. సెట్ 2 కొంపేం మునగలేదు.

ఇప్పటి ఇయర్ 11 సంగతి ఇంకా దారుణం. కోవిడ్ వల్ల 2020, 2021ల్లో ఇయర్ 6 పరీక్షలే జరగలేదు. 2021 బ్యాచే ఇప్పుడు జీసీఎస్‌ఈ రాయబోయేది. వీళ్ళకి సరిచూసుకోవడానికి బయటి మార్కు అనేదే లేదు.

నిజాంపేట్ కుర్రాడు · జనవరి 13

మేడమ్, అడగొచ్చో లేదో. నిజంగానే క్లాసు చెడగొట్టేవాణ్ణి కింది సెట్‌లో వేయడం తప్పా? నాకు ప్లేస్‌మెంట్‌లో (ట్రైనింగ్ కోసం పంపిన స్కూల్లో) ఒక క్లాసు చుక్కలు చూపిస్తోంది.

బ్రమ్మీబాబు · జనవరి 13

అల్లరికి డిటెన్షన్ ఉంది, ఇంటికి ఫోన్ ఉంది. సెట్ అనేది ఎంత లెక్క వచ్చో చెప్పడానికి. అల్లరికి శిక్షగా చదువు తగ్గిస్తే, ఇంకా బోరు కొట్టి ఇంకా అల్లరి చేస్తాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

నువ్వు అడిగావు కాబట్టి క్రమశిక్షణ గురించి కూడా. పిల్లల్ని స్కూళ్ళ నుంచి పంపేయడం మీద ప్రభుత్వం చేయించిన 2019 టింప్సన్ సమీక్ష, పేదరికం, ప్రత్యేక అవసరాలు వగైరా అన్నీ సర్దుబాటు చేశాక కూడా కరీబియన్ పిల్లల్ని స్కూలు నుంచి శాశ్వతంగా పంపేసే అవకాశం తెల్ల బ్రిటిష్ పిల్లల కన్నా 1.7 రెట్లు ఉందని తేల్చింది. అది చివరి మెట్టు. దానికి ముందు బయట కారిడార్‌లో నిలబెట్టడం, ఇంటికి పంపడం ఉంటాయి. నాకు తెలిసిన ఒక స్కూల్లో ఒక అబ్బాయి జుట్టు పక్కలకి మరీ పొట్టిగా కత్తిరించుకున్నాడని, పెరిగేదాకా విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. అదే వారంలో చరిత్రలో మాక్ పరీక్షకి రివిజన్ అంతా అయిపోయింది. పిల్లల జుట్టు విషయంలో జాతి వివక్ష చట్టవిరుద్ధమవుతుందని సమానత్వ, మానవ హక్కుల కమిషన్ 2022లోనే స్కూళ్ళకి మార్గదర్శకాలు ఇచ్చింది. చదివిన హెడ్లు ఎంతమందో!

మేడమ్, మీ పేజీలో దీనికి చోటు లేదని తెలుసు. కానీ క్లాసులో లేని పిల్లవాడికి ఏ సెట్ అయితే ఏంటి?

లెక్కలమ్మ · జనవరి 14

చోటు ఉంది. లెక్కల పీరియడ్లలో ఎవర్ని ఎన్నిసార్లు బయటికి పంపామో రిజిస్టర్‌లోనే ఉంటుంది. అది తీయిస్తాను.

పద్మజ, ల్యూటన్ · జనవరి 14

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. సైన్స్ టీచర్ని. ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. టీచర్లు ఎవరు? 2020లో లండన్ యూనివర్సిటీ యూసీఎల్ వాళ్ళ అధ్యయనం ప్రకారం ఇంగ్లండ్‌లో 46 శాతం స్కూళ్ళలో మైనారిటీ జాతుల టీచరు ఒక్కరు కూడా లేరు. అమెరికాలో టెనెసీ పిల్లల లెక్కలు తీసి చూస్తే, మూడో తరగతి లోపు ఒక్క నల్లజాతి టీచరైనా ఉన్న నల్లజాతి పిల్లలు కాలేజీలో చేరే అవకాశం 13 శాతం ఎక్కువ ఉందట.

మా స్కూల్లో ‘వైవిధ్యం’ అనగానే నన్నూ, ఇంకో పంజాబీ ఆవిడనూ లెక్క చూపిస్తారు. వెబ్‌సైట్ ఫోటోలో ముందు వరసలో నేనే. నా వల్ల ఇండియన్ పిల్లలకి ఉపయోగమేమో గానీ, ఘనా పిల్లవాడికి నాలో తన మేనత్త కనిపించదు కదా. మనల్ని చూపించి చేతులు దులుపుకోనివ్వకూడదు అంటాను. సిక్స్త్ ఫామ్‌లో (16-18 ఏళ్ల వాళ్ళ క్లాసులు) బాగా చదువుతున్న నల్లజాతి పిల్లలతో ఇయర్ 8 వాళ్ళకి లెక్కలు చెప్పించడం మేం మొదలెట్టాం. ఖర్చు లేదు, ఇద్దరికీ లాభం. కానీ టీచర్లని తీసుకోవడానికి ఇది బదులు కాదు.

సత్తెనపల్లి మాస్టారు · జనవరి 15

అంకెలన్నీ చదివాను. నాదొక్కటే అనుమానం. పై సెట్‌లో కూర్చోబెట్టడం తేలిక. లెక్కలమ్మ గారే చెప్పారు, ఆ అబ్బాయికి సమీకరణాలు సగమే వచ్చు. కూర్చోబెట్టి వదిలేస్తే వాడు మునిగిపోతాడు. అప్పుడు ‘మేం ముందే చెప్పాం’ అంటారు.

మా హైస్కూల్లో పదో తరగతి వాళ్ళకి పొద్దున్నా సాయంత్రం స్టడీ అవర్స్ పెట్టేవాళ్ళం. పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టి చదవమనడం దండగ అని నాకు రెండేళ్ళకి తెలిసింది. ఏ పాఠంలో ఎవరికి గండి ఉందో చిన్న పరీక్ష పెట్టి, నలుగురైదుగురిని ఒక జట్టు చేసి, ఆ గండి పూడ్చాక ఇంకో జట్టులోకి మార్చేవాళ్ళం. పాసైన వాళ్ళు పెరిగింది అప్పుడే.

లెక్కలమ్మ · జనవరి 15

మాస్టారూ, ఇన్ని రోజుల చర్చలో నేను నేరుగా ఎత్తుకుని రాసుకునే మొదటి విషయం మీరు చెప్పిందే. ధన్యవాదాలు.

లెక్కలమ్మ · ఫిబ్రవరి 7

పేజీ ఇచ్చేశాను. అడిగిన వాళ్ళ కోసం అందులో ఉన్నది చెప్తాను.

ఇక నుంచి సెట్ మార్చే ముందు పాత సెట్, టీచరు రిమార్కు కనపడకుండా మార్కులు చూస్తాం. మార్కుల కన్నా కిందికి వేయాలంటే ఆ టీచరు కారణం రాసి సంతకం పెట్టాలి, ప్రవర్తన కారణంగా చెల్లదు. డిసెంబరు, మార్చి నెలల్లో కూడా సెట్లు తెరుస్తాం, జులై దాకా ఆగం. ఇయర్ 10 చివరిదాకా సెట్ 3లో కూడా హయ్యర్ పాఠాలే చెప్తాం. ఇయర్ 11 టియర్ ఎంట్రీలు బోర్డుకి వెళ్ళే ముందు నేనూ, డిప్యూటీ హెడ్ కలిసి జాతుల వారీగా లిస్టు చూస్తాం, కరీబియన్, ఆఫ్రికన్, మిశ్రమ కుటుంబాల పిల్లల్ని వేరువేరుగా. పైకి మారిన పిల్లలకి పొద్దున్న ఎనిమిదింటికి మాస్టారి పద్ధతిలో జట్లు.

ఈ నెల ఎంట్రీలకి అప్పుడే చూశాం. ఫౌండేషన్‌లో పెట్టిన వాళ్ళలో నలుగురి మాక్ మార్కులు హయ్యర్‌లో ఉన్న కొందరి కన్నా ఎక్కువ. నలుగురిలో ముగ్గురు కరీబియన్ పిల్లలు. ముగ్గుర్నీ, వాళ్ళ ఇంట్లో వాళ్ళనీ పిలిచి మాట్లాడాను. ఇద్దరు హయ్యర్‌కి సరేనన్నారు. ఒకమ్మాయి వద్దంది. భయమేస్తోందట. వాళ్ళమ్మ ఇంకో వారం టైమ్ అడిగింది.

టాప్ సెట్ నాన్న · ఫిబ్రవరి 7

మీ పద్ధతిలో మా వాడు కిందికి దిగితే?

లెక్కలమ్మ · ఫిబ్రవరి 7

మార్కులు ఉంటే దిగడు. లేకపోతే మార్చిలో మళ్ళీ ఎక్కొచ్చు, తలుపు తెరిచే ఉంటుంది.

బ్రమ్మీబాబు · ఫిబ్రవరి 8

ఎనిమిదింటి క్లాసుకి డబ్బెక్కడిది? ప్యూపిల్ ప్రీమియం అంటారేమో. అది ఉచిత భోజనం పొందిన కుటుంబాల పిల్లల పేరు మీద వచ్చే డబ్బు. మీ లిస్టులో వాళ్ళమ్మ నర్సో, నాన్న ట్రెయిన్ డ్రైవరో అయిన పిల్లలు దాని కిందికి రారు.

లెక్కలమ్మ · ఫిబ్రవరి 8

నిజమే, మా లిస్టులో సగం మంది దాని కిందికి రారు. డిపార్ట్‌మెంటు బడ్జెట్‌లో ఫొటోకాపీల డబ్బు కొంత మిగిలింది, ఈస్టర్ దాకా సరిపోతుంది. తర్వాతి సంగతి మార్చిలో స్కూలు గవర్నర్ల (పాలక మండలి) మీటింగ్‌లో అడగమన్నారు హెడ్. పద్మజగారూ, మీ సిక్స్త్ ఫామ్ పిల్లల టైమ్‌టేబుల్ ఎలా సర్దారో కాస్త వివరంగా రాయండి. మా దగ్గర వాళ్ళకి పొద్దున్న మొదటి పీరియడ్ ఖాళీ ఉండటం లేదు.